పోరాట స్త్రీల మీద చారిత్రక నవల రాయడం ఎలా: నల్లగొండ నేపథ్యంతో ఒక మార్గదర్శిని

నిజాం పాలనకు, దొరల పెత్తనానికి ఎదురు తిరిగి 1946 నుంచి 1951 వరకు నల్లగొండ పల్లెల్లో సాగిన రైతాంగ సాయుధ పోరాటం మీద నవల రాయాలనుకునేవారు కలం పట్టుకోకముందే ఒక విషయం తేల్చుకోవాలి. కథానాయిక చరిత్రకెక్కిన స్త్రీయా, లేక ఆ కాలంలో బతికి ఉండగల కల్పిత స్త్రీయా అన్నది తేలితే తప్ప ఏ ఆధారం ఎంతవరకు అవసరమో తెలియదు.

పాలకుర్తి చాకలి ఐలమ్మ, కరివిరాల కొత్తగూడెంలో పుట్టి దళ నాయకురాలైన మల్లు స్వరాజ్యం, ఆ తరువాత ఆలేరు శాసనసభ్యురాలైన ఆరుట్ల కమలాదేవి వంటివారిని నాయికలుగా ఎంచుకుంటే వారి జీవితంలో జరగని సంఘటనను జరిగినట్టు రాసే హక్కు మనకు ఉండదు. వారి కుటుంబాలు, వారిని కళ్లారా చూసినవారు నేటికీ ఉన్నారు. అందువల్ల తొలి నవల రాసేవారికి నా సలహా ఇది: నాయికను కల్పించండి, చరిత్ర పురుషులను, స్త్రీలను కథ అంచులలో నిలపండి. కౌలు భూమిలో పండించిన ధాన్యం విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల పాలు కాకుండా ఐలమ్మ సంఘం (ఊళ్లలోని ఆంధ్ర మహాసభ శాఖ) అండతో ఇంటికి చేర్చుకున్నదన్న వార్త పక్క ఊరి ఆడవాళ్ల చెవిన పడినప్పుడు వాళ్లు ఏం మాట్లాడుకున్నారో, ఎవరు ఊరకున్నారో ఊహించి రాయవచ్చు. నవలాకారుల నిజమైన స్వేచ్ఛ అక్కడే ఉంటుంది.

ఆధారాల విషయంలో స్త్రీల మాటలకే మొదటి స్థానం ఇవ్వండి. పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను సేకరించి స్త్రీ శక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను చదవకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. సభల తీర్మానాలు, దళాల దాడులు నాయకుల రచనలలో దొరుకుతాయి. పసిబిడ్డను ఇతరులకు అప్పగించి అడవిలో ఉండిపోవలసి వచ్చిన తల్లి ఎలా బతికిందో మాత్రం ఆడవాళ్ల నోటనే వినగలం. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో నిజాం కాలపు కాగితాలున్నా అవి ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి కనుక చదివిపెట్టే మనిషిని ముందే చూసుకోవాలి. వాటిలోని తేదీలు ఫసలీ సంవత్సరాలలో, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్కలో, కనిపిస్తే దాదాపు 590 కలుపుకోవాలి. ఫసలీ 1355 అంటే మనకు 1945-46. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో ప్రారంభించిన గోలకొండ పత్రిక పాత సంచికలు దొరికితే ఆనాటి తెలుగు చదువరులు ఏమి చదివేవారో, దేనిని గురించి వాదించుకునేవారో తెలుస్తుంది.

ఊళ్లకు వెళ్లినప్పుడు వృద్ధులను నేరుగా పోరాటం గురించి అడగకండి. అలా అడిగితే సభలలో పలుమార్లు చెప్పిన మాటలే మళ్లీ వినిపిస్తాయి. తల్లి ఏ పొద్దున లేచేది, నీళ్లు ఎంత దూరం నుంచి తెచ్చేది, దొర గడీలో కూలి లేని వెట్టి పనికి పిలుపు వస్తే ఇంట్లో పిల్లలను ఎవరు చూసేవారు అని అడిగితే ఒక్కొక్క మాట వెంట పది మాటలు వస్తాయి.

తేదీని కార్తెలోకి మార్చుకోవడం చారిత్రక నవలకు ఎంతో మేలు చేస్తుంది. పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య కడవెండిలో నేలకొరిగినది 1946 జూలై 4న అని అందరూ రాస్తారు. అది ఆరుద్ర కార్తె చివరి దినాలలో పడుతుందని గుర్తించినవారికి మాత్రమే విత్తనాల తొందరలో ఉన్న పొలాలు, అరక కట్టవలసిన వేళ కర్రలు పట్టుకుని వీధిలోకి వచ్చిన మనుషులు కనిపిస్తారు. నేల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరు 10న కనుక, 1946 కథలో ఎడమ కాలువ కింది పచ్చని వరి మడులను వర్ణిస్తే నవల అక్కడే కూలిపోతుంది. ఆనాటి మెట్ట ఊళ్లలో జొన్న, సజ్జ, కంది, ఆముదం ఉంటాయి. వరి పండితే చెరువు కిందనో బావి కిందనో పండాలి.

ఇక ధైర్యాన్ని చూపించడం అన్నిటికన్నా కష్టమైన పని. తుపాకీ ఎత్తిన స్త్రీ బొమ్మ మన మనసులో ఎంత బలంగా ఉన్నదంటే, రచయిత మొదటి అధ్యాయంలోనే నాయికను భయమెరుగని వీరవనితగా నిలబెడతారు, దానితో ఆమె ఎదగడానికి కథలో చోటే మిగలదు. ఒక సన్నివేశం తీసుకుందాం. రెండో ప్రపంచ యుద్ధకాలపు లెవీ (నిర్బంధ ధాన్య సేకరణ) కింద గల్లా వసూలు చేసేవాళ్లు తెల్లవారితే ఊరికి వస్తారు. నాయిక ఇంటి వెనుక పాతరలో, అంటే ధాన్యం దాచే నేల గోతిలో, జొన్నలున్నాయి. రాత్రి ఆమె బండ తొలగించి, వెంటనే దిగకుండా ఆగుతుంది, ఎందుకంటే మూసిన పాతరలోని గాలి మనిషిని చంపుతుందని ఆమెకు తెలుసు. ఆముదపు దీపాన్ని తాడుకు కట్టి లోపలికి దించుతుంది. దీపం ఆరిపోతుంది. మళ్లీ వెలిగించి, మళ్లీ దించి, మంట నిలిచేదాకా కూర్చోవాలి. ఒకవైపు పొద్దు పొడవబోతుంది, మరొకవైపు కుక్క మొరిగితే పటేలు మనిషి లేస్తాడు, లోపల చంటిపిల్ల నిద్రలో కదులుతుంది. ఆ నిరీక్షణను ఓపికగా రెండు పుటలు రాయగలిగితే ‘ఆమె ధైర్యవంతురాలు’ అన్న వాక్యం మీ నవలకు అక్కరలేదు. పని తెలిసిన చేతులు, పోగొట్టుకోవడానికి ఏదో ఉన్న మనసు, ఈ రెండూ ఒకే చోట కనిపించినప్పుడే పాఠకులు ఆమెను నమ్ముతారు.

కథనం శిష్టమైన తెలుగులో సాగినా సంభాషణలు ఊరివే కావాలి. అవ్వ, నాయిన, అత్త, చిన్నమ్మ, వదినె వంటి పిలుపులు ఎవరు ఎవరిని పిలుస్తున్నారో చూసి రాయాలి. కులాన్ని బట్టి, గడీకి ఉన్న దూరాన్ని బట్టి ఆ పిలుపులు మారతాయి. ప్రతి మాటనూ యాసలోకి వంచవలసిన పని మాత్రం లేదు.

నవలను నిజాం భారత సైన్యానికి లొంగిపోయిన 1948 సెప్టెంబరు 17న ముగించాలన్న ఆకర్షణ సహజమే కాని, దానికి లొంగకపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. రజాకార్ల పీడ తొలగిన తరువాత భారత సైన్యం సంఘాల మీదికి తిరిగింది, పోరాట విరమణ ప్రకటన 1951 అక్టోబరు 21న గాని రాలేదు. ఆ మూడేళ్లు, వాటి తరువాత ‘ఇక ఇళ్లకు వెళ్లండి’ అన్న మాట విని తిరిగివచ్చిన స్త్రీలను ఊరు, అత్తవారిల్లు చూసిన తీరు మన నవలలలో రావలసినంతగా రాలేదు. తుపాకీ అప్పగించి వచ్చి మళ్లీ రోకలి పట్టిన స్త్రీ ఏమి ఆలోచించిందో రాయడానికి కనీసం నాలుగైదు అధ్యాయాలు అట్టిపెట్టుకోండి.

రాతప్రతి పూర్తయ్యాక ఏది చరిత్ర, ఏది కల్పన అన్నది ముందుమాటలో స్పష్టంగా చెప్పాలి. దౌర్జన్యం చేసిన పాత్రకు నేడు ఊళ్లో ఉన్న ఏ ఇంటిపేరూ పెట్టకూడదు. అచ్చుకు పంపేముందు సంభాషణలను ఆ ప్రాంతపు పెద్ద వయసు స్త్రీ ఒకరికి చదివి వినిపించండి. ‘మా దిక్కు ఇట్లనరు’ అని ఆమె ఆపిన ప్రతి చోటా ఆమె చెప్పినట్టే దిద్దండి.