బెర్నినా కొండ రైలు: ఎక్స్‌ప్రెస్ వదిలేసి లోకల్ ఎక్కండి

ఆల్ప్స్‌లో కొండ రైలు అనగానే అందరూ స్విట్జర్లాండ్‌నుంచి ఇటలీలోకి పోయే బెర్నినా ఎక్స్‌ప్రెస్ బుక్ చేసుకోమంటారు. నా మాట వింటే అదే పట్టాల మీద నడిచే మామూలు లోకల్ బండి ఎక్కండి. ఎక్స్‌ప్రెస్‌లో అద్దాలు పెద్దవే కానీ తెరుచుకోవు, ఫోటో తీస్తే అద్దంలో కనిపించే మీ చొక్కా రంగే ముందు పడుతుంది, పైగా టికెట్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు వేరేగా కట్టాలి. లోకల్‌కు ఆ బాధ లేదు, నచ్చినచోట దిగి తర్వాతి బండి పట్టుకోవచ్చు. స్విట్జర్లాండ్ రైళ్ళన్నిటికీ పనికొచ్చే స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే, లైను ఆఖరి స్టేషన్ టిరానో దాకా అదే చాలు.

ముందు విమానం, వీసా సంగతి. కర్నూలు వాళ్ళకు హైదరాబాద్ దగ్గర, అనంతపురం వాళ్ళు బెంగళూరులో విమానం ఎక్కడం మేలు, 44వ నంబరు హైవే మీద నేరుగా దేవనహళ్ళి విమానాశ్రయానికి వెళ్ళిపోవచ్చు. స్విట్జర్లాండ్, ఇటలీ రెండింటికీ చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, వేసవి సెలవులకైతే ఆలస్యం చేయొద్దు. 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. టిరానో ఇటలీలో ఉన్నా వీసా అదే, పాస్‌పోర్ట్ మాత్రం జేబులో ఉండాలి.

జూరిక్‌లో దిగి రైల్లో కూర్ రండి, అక్కడినుంచి సెయింట్ మోరిట్జ్ వైపు బండి ఎక్కి కుడి పక్క కూర్చోండి. ఫిలిసూర్ స్టేషన్ రాబోతుండగా 65 మీటర్ల ఎత్తున్న లాండ్‌వాసర్ వంతెన మీద బండి వంపు తిరిగి, సరాసరి కొండ గోడలోని సొరంగంలోకి దూరిపోతుంది. క్షణాల్లో అయిపోతుంది కాబట్టి ఫోన్ ముందే చేతిలో పెట్టుకోండి.

అసలు సంగతి సెయింట్ మోరిట్జ్‌లో మారి ఎక్కే టిరానో బండిలో ఉంది. 1910లో పూర్తయిన ఈ లైను, పళ్ళ చక్రాల సాయం లేకుండానే 2,253 మీటర్ల ఎత్తున్న ఓస్పీజియో బెర్నినా స్టేషన్ దాకా ఎక్కి, మళ్ళీ 429 మీటర్ల ఎత్తులో ఉన్న టిరానోకు దిగుతుంది. అనంతపురం ఎత్తు కంటే వంద మీటర్లే ఎక్కువ! పైన లేయ్ నైర్, లాగో బియాంకో అని పక్కపక్కనే రెండు చెరువులు. మొదటిది నల్లగా ఉంటుంది, ఆ నీళ్ళు డాన్యూబ్‌లో కలిసి నల్లసముద్రానికి పోతాయి, రెండోదానిలో హిమానీనదాలు అరగదీసిన రాతి పిండి కలిసి పాలలా ఉంటుంది, అవి పో నదిలో పడి ఏడ్రియాటిక్‌కు పోతాయి. నీళ్ళు ఎటు పారతాయనేది పుట్టినప్పటినుంచీ పట్టించుకునే మన సీమవాళ్ళు అక్కడ కిటికీ వదలరు.

తర్వాతి స్టేషన్ ఆల్ప్ గ్రూమ్‌లో తప్పకుండా దిగండి. ఎదురుగా పాలూ హిమానీనదం, కింద లోయ. కొన్ని చిన్న స్టేషన్లలో బటన్ నొక్కితేనే బండి ఆగుతుంది, గుర్తుంచుకోండి. బ్రూజియో దగ్గర పట్టాలు గుండ్రంగా తిరిగి వాటి కిందనుంచే పోతాయి, వెనక పెట్టెలో ఉంటే మీ ఇంజనే కమానుల కింద దూరడం కనిపిస్తుంది.

ఎండాకాలంలో కూడా పైన చలే, స్వెట్టర్ ఉండాలి. తిండికి ఎండు జొన్న రొట్టెలు, చెనక్కాయల పొడి హాయిగా పనికొస్తాయి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు మాత్రం వద్దు, పాలతో, మాంసంతో చేసినవి మన దేశంనుంచి తీసుకెళ్ళనివ్వరు. టిరానోలో దిగగానే తిరుగు బండి ఆఖరిది ఎన్నింటికో చూసుకుని, ఆ తర్వాతే ఊర్లోకి నడవండి.