ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి విశాఖ కైలాసగిరికి ఒక్కరోజులో ఎలా వెళ్లి రావాలి?

పర్లాకిమిడి, గునుపురం, రాయగడ, జయపురం, బరంపురం. ఊరు ఒడిశాలో ఉన్నా ఇక్కడి తెలుగువాళ్లకు పట్నమంటే విశాఖపట్నమే. ఆసుపత్రికీ, పెళ్లి బట్టలకీ, చుట్టాలింటికీ ఏదో ఒక పని మీద వెళ్తూనే ఉంటాం. కైలాసగిరిని మాత్రం తిరుగు రైలుకి ఇంకా రెండు గంటలుందని ఆటో ఎక్కి, శివపార్వతుల ముందు ఫోటో దిగి వచ్చేస్తాం. ఆ కొండకు కనీసం మూడున్నర గంటలు కావాలి. పిల్లలు ఒడియా మీడియంలో చదువుతున్న ఇళ్లవాళ్లయితే ఇంకో గంట కలుపుకోండి. కొండ మీద తెలుగు మ్యూజియం ఉంది, దాన్ని వదిలేసి రాకూడదు.

ఒక్క వరస గుర్తుంచుకుంటే రోజంతా సాఫీగా సాగుతుంది. ఊళ్లో ముందు కింద ఉన్న మ్యూజియాలు, తరువాత కొండ. కొండెక్కాక ముందు మ్యూజియం, తరువాత తిరుగుడు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. పొద్దున్నే కొండెక్కితే సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు కాబట్టి కళ్లలో ఎండ కొడుతుంది, నీళ్లు తెల్లగా మెరిసిపోయి రంగు తెలియదు. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ వెనక నుంచి పడుతుంది. అప్పుడు సముద్రం నీలంగా, తీరం వంపు మొత్తం స్పష్టంగా కనబడుతుంది.

రోజు ఎంచుకోవడం

సోమవారం పెట్టుకోకండి. ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి ఆ రోజు సెలవు. మిగతా పనిరోజుల్లో అది మధ్యాహ్నం 2 గంటలకు తెరుస్తారు. ఆదివారం ఉదయం 10 నుంచి 12.30 వరకు కూడా చూడనిస్తారు. ఒక్కరోజులో తిరిగి వచ్చేయాలనుకునే వాళ్లకి ఆదివారం బాగా కలిసొస్తుంది: ఉదయం జలాంతర్గామి, మధ్యాహ్నం భోజనం, మూడు గంటలకు కొండ. అయితే ఆదివారం కొండ మీద జనం ఎక్కువ. కార్తీకమాసపు ఆదివారాల్లో అయితే వనభోజనాల రద్దీ కూడా కలుస్తుంది. జనం వద్దనుకుంటే మంగళవారం నుంచి శుక్రవారం లోపు వెళ్లి, ఆ రాత్రి విశాఖలో ఆగండి. వేళలు పండగలకీ సెలవులకీ మారుతుంటాయి, బయల్దేరే ముందురోజు ఒకసారి అడిగి తెలుసుకోండి.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వార్త వస్తే ప్రయాణం వాయిదా వేసుకోండి. గాలి ఎక్కువైతే రోప్‌వే ఆపేస్తారు, మబ్బు పడితే పైనుంచి ఏమీ కనబడదు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లక తప్పకపోతే నాలుగు గంటలకు ముందు కొండెక్కకండి. తీరప్రాంతపు ఉక్కకు రాయగడ, కోరాపుట్ కొండల చల్లదనానికి అలవాటుపడ్డ పెద్దవాళ్లు త్వరగా నీరసిస్తారు.

విశాఖ చేరడం

రాయగడ నుంచి రైలే మేలు. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా సుమారు 200 కిలోమీటర్లు. గునుపురం, పర్లాకిమిడి వాళ్లకు నౌపడ మీదుగా విశాఖకు నేరుగా వెళ్లే ప్యాసింజరు ఉంది కానీ నెమ్మది. తొందరగా వెళ్లాలంటే మహేంద్రతనయ నది దాటి పాతపట్నం చేరి, అక్కడ ఆంధ్రా బస్సు పట్టుకోవచ్చు. బరంపురం నుంచి ప్రధాన లైను కాబట్టి బళ్లకు కొదవ లేదు. ఒక్క విషయం చూసుకోండి: దూరప్రయాణపు రైళ్లలో కొన్ని విశాఖ స్టేషనుకి రాకుండా పక్కదారిన వెళ్లి దువ్వాడలో ఆగుతాయి. టిక్కెట్టు తీసేటప్పుడు దిగే స్టేషను విశాఖపట్నమో, దువ్వాడో చదివి చూడండి. దువ్వాడలో దిగితే ఊరు దాటి ఇవతలికి రావడానికే గంట పోతుంది.

జయపురం, కోరాపుట్ వాళ్లకు సుంకి ఘాటు దిగి సాలూరు, విజయనగరం మీదుగా బస్సు. అరకు మీదుగా రైలు ఉంది, చూడముచ్చటైన దారి. కానీ ఒక్కరోజు ప్రయాణానికి పనికిరాదు, పూట అందులోనే అయిపోతుంది.

శ్రీకాకుళం లేదా విజయనగరం వైపు నుంచి సొంత బండిలో వస్తే ఊరి నడిబొడ్డుకి పోనక్కర్లేదు. జాతీయ రహదారి మీద మధురవాడ, ఎండాడ దాటాక హనుమంతవాక కూడలి వస్తుంది. కొండపైకి ఘాటురోడ్డు ఆ వైపునే. తెలియక మద్దిలపాలెం దాకా వెళ్లి, మళ్లీ బీచ్ రోడ్డు పట్టుకుని వెనక్కి తిరిగేవాళ్లు చాలామంది.

సామాను

పెద్ద సంచులు మోసుకుని తిరగకండి, జలాంతర్గామిలోకి ఎలాగూ రానివ్వరు. రైల్వే స్టేషన్లో క్లోక్‌రూమ్ ఉంటుంది. సంచికి తాళం వేసి ఉండాలి, ప్రయాణపు టిక్కెట్టు చూపించాలి. తాళం లేని సంచి తీసుకోరు. అందుకని ఇంటి దగ్గరే చిన్న తాళం ఒకటి వేసుకోండి. చేతిసంచిలో మనిషికి లీటరు నీళ్లు, టోపీ లేదా తువ్వాలు, పట్టు ఉన్న చెప్పులు చాలు. తిండికి స్టీలు డబ్బాలో పులిహోర మంచిది. ముఢీ (మరమరాల) మిక్చర్ తీసుకెళ్లే అలవాటుంటే గట్టి మూత డబ్బాలో పెట్టండి, కొండ మీది గాలికి పొట్లం విప్పితే సగం ఎగిరిపోతుంది.

కింద చూడాల్సినవి

కురుసురకు ముప్పావు గంట పెట్టుకోండి. సోవియట్ యూనియన్‌లో కట్టిన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది, 2001లో విశ్రాంతి తీసుకుంది, 2002లో మ్యూజియం అయింది. పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. బయట నుంచి చూస్తే పెద్దదే. లోపల నడిచే దారి మాత్రం ఒక మనిషి పట్టేంత. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ఇనుప ద్వారంలోంచి తల వంచి, కాలు ఎత్తి దాటాలి. తల ముందు పెడితే నుదురు తగులుతుంది. ముందు కాలు, తరువాత నడుము వంచి తల, అలా దాటాలి. చీర కుచ్చిళ్లు పైకి దోపుకోండి. మోకాళ్ల నొప్పులున్న మామ్మలు, చంటిపిల్లల తల్లులు బయట ఆగడమే మంచిది. లోపల వివరించేవాళ్లు నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లు. టార్పెడో ఎలా వదిలేవారో, మంచినీళ్లు ఎంత పొదుపుగా వాడేవారో పిల్లల చేత అడిగించండి, ఓపికగా చెబుతారు.

ఎదురుగా టీయూ-142 యుద్ధవిమానం మ్యూజియం ఉంది, 2017లో తెరిచారు. సమయం ఉంటే చూడొచ్చు. పాత డచ్చివారి భవనంలోని విశాఖ మ్యూజియంలో 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఊరి మీద బాంబులు వేసినప్పుడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి ఉంది. మీ ఇంట్లో తొంభై దాటినవాళ్లుంటే ఆ రోజుల్లో జనం విశాఖ ఖాళీ చేసి పల్లెలకు వెళ్లిన సంగతి వాళ్లను అడగండి.

బీచ్‌లో ఇసుక మీద తిరగండి కానీ నీళ్లలోకి దిగకండి. ఇక్కడ ఒడ్డు దగ్గరే లోతు ఉంటుంది, వెనక్కి పోయే కెరటం కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. మోకాలి లోతే కదా అని దిగినవాళ్లే కొట్టుకుపోతుంటారు.

కొండెక్కడం

ఆర్కే బీచ్ నుంచి కైలాసగిరి ఆరేడు కిలోమీటర్లు. ఆటో ఎక్కేటప్పుడు "కైలాసగిరి" అని ఊరుకుంటే కుదరదు. రోప్‌వే దగ్గరికా, కొండపైకా అన్నది బేరం ముందే తేల్చుకోవాలి. లేకపోతే బీచ్ రోడ్డులో కొండ కింద దింపేసి అదే కైలాసగిరి అంటారు, పైకి ఇంకో ఖర్చు. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు నుంచి బీచ్ మీదుగా వెళ్లే 10కె సిటీబస్సు చవక. అది ఎక్కేటప్పుడు కూడా పైదాకా వెళ్తుందా అని కండక్టరుని అడగండి.

దారులు మూడు. ఘాటురోడ్డు అందరికీ సుఖం. సొంత బండి అయితే ప్రవేశ రుసుము కట్టి పైన పార్కింగులో పెట్టొచ్చు. రోప్‌వే బీచ్ రోడ్డు వైపు నుంచి ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు సముద్రం వీపు వెనక పడుతుంది కాబట్టి వెనక్కి తిరిగి కూర్చోవడానికి వీలుంటే కూర్చోండి. మూడోది మెట్లదారి. కొండ ఎత్తు 173 మీటర్లు, అంటే యాభై ఏడు అంతస్తుల మేడ ఎక్కినట్టు. కుర్రాళ్లకు సరదాగానే ఉంటుంది, మధుమేహం, గుండె జబ్బు ఉన్నవాళ్లకు వద్దు.

రోప్‌వేకి రానూపోనూ టిక్కెట్టు తీస్తే ఆ చీటీ పారేయకండి. చివరి ట్రిప్పు ఎన్నింటికో ఎక్కేటప్పుడే అడగండి. అది తప్పిపోతే ఘాటురోడ్డు మీదుగా దిగాలి, అది మిమ్మల్ని బీచ్ వైపు కాకుండా హనుమంతవాక వైపు దింపుతుంది. కింద బీచ్ రోడ్డులో బండి పెట్టుకున్నవాళ్లు అక్కడ ఇరుక్కుంటారు.

తెలుగు మ్యూజియం

పైకి చేరగానే పిల్లలు బొమ్మరైలు అంటారు. ఆగమనండి. రైలు సాయంత్రం ఎక్కినా బాగుంటుంది, మ్యూజియం మూసే వేళకు వెళ్తే పరుగున చూడాల్సి వస్తుంది. తెలుగు సాంస్కృతిక నికేతనం అని అడిగితే చూపిస్తారు. తెలుగువాళ్ల చరిత్రను బొమ్మలుగా, చిత్రాలుగా పేర్చిన చోటు ఇది.

సరిహద్దుకు అవతల పుట్టిన మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా రాస్తారు. తెలుగు అక్షరం చాలామందికి రాదు. కాబట్టి ఇక్కడ పెద్దవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది: ప్రతి బొమ్మ దగ్గరా ఫలకం మీద పేరు పైకి చదవండి, వేలితో అక్షరాలు చూపించండి. రెండు లిపులూ తాటాకు మీద గంటంతో రాసిన రోజుల నుంచి గుండ్రంగా పెరిగినవే. అందుకే పిల్లలు మనం అనుకున్న దానికన్నా త్వరగా పోల్చుకుంటారు. ఠ అక్షరంతో మొదలుపెట్టండి. ఒడియాలో అది ఉత్త సున్నా. తెలుగులో ఆ సున్నాలో చుక్క పెట్టి పైన తలకట్టు ఇస్తాం. అలా నాలుగు అక్షరాలు దొరికితే పిల్లలే మిగతావి వెతుక్కుంటూ పోతారు. అన్నీ చదివించాలని చూడకండి, విసుగొస్తుంది. ఐదారు పేర్లు చాలు.

అక్కడే మన ఊళ్ల సంగతీ చెప్పండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు, అక్కడే సవరల భాష నేర్చుకుని దానికి పుస్తకాలు రాశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. మన దేశానికి ఒకప్పుడు రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరి 1894లో బరంపురంలో పుట్టారు. తెలుగు చరిత్ర కృష్ణా, గోదావరి ఒడ్డున మాత్రమే జరిగిందని మన పిల్లలు అనుకోకూడదు. ఈ మాట చెప్పడానికి ఇంతకన్నా తగిన చోటు దొరకదు.

మిగిలిన కొండ

మ్యూజియం నుంచి బయటికొచ్చాక శివపార్వతుల విగ్రహాల దగ్గరికి రండి. నలభై అడుగుల తెల్లని విగ్రహాలు, దూరం నుంచే కనబడతాయి. తప్పిపోతే ఇక్కడికే రావాలని పిల్లలకు ముందే చెప్పండి, జనంలో ఫోను మోగినా వినబడదు. ఫోటోకి విగ్రహాల పాదాల దగ్గర నిలబడితే మనుషులు చీమల్లా వస్తారు. ఫోటో తీసేవాళ్లు బాగా వెనక్కి వెళ్లి, మనుషుల్ని తమకు దగ్గరగా నిలబెట్టాలి.

తరువాత అంచుల వెంబడి నడవండి. దక్షిణాన బీచ్ వంపు తిరిగి డాల్ఫిన్స్ నోస్ కొండ దాకా కనబడుతుంది, ఉత్తరాన రుషికొండ. కంచె దాటి రాళ్ల మీదికి వెళ్లొద్దు. అక్కడ మట్టి వదులు, వానాకాలంలో గడ్డి కింద గుంత కనబడదు. గాజు వంతెన ఎక్కాలంటే వేరే టిక్కెట్టు, వరస పొడుగు, ఎత్తుకు కళ్లు తిరిగేవాళ్లు పేరు ఇవ్వకపోవడమే మంచిది. బొమ్మరైలులో సముద్రం ఏ వైపు వస్తుందో టిక్కెట్టు ఇచ్చేవాళ్లను అడిగి ఆ వైపు కూర్చోండి.

డిసెంబరులో ఐదున్నరకే పొద్దు గుంకుతుంది, జూన్‌లో ఆరున్నర దాటాక. సూర్యుడు దిగేది సముద్రంలోకి కాదు, పడమటి కొండల వెనక్కి. సముద్రం వైపు చూస్తూ సూర్యాస్తమయం కోసం ఎదురుచూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ తరువాత ఒక అరగంట ఆగితే ఊరి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి.

దిగి ఇంటికి

రైలుకి మూడు గంటల ముందు కొండ దిగడం మొదలుపెట్టండి. స్టేషను పది కిలోమీటర్లే అయినా సాయంత్రం మద్దిలపాలెం, కాంప్లెక్స్ దగ్గర బళ్లు కదలవు. క్లోక్‌రూమ్‌లో సంచి తీసుకోవడానికి కూడా పావుగంట పడుతుంది. సొంత బండి అయితే ఘాటులో రెండో గేరులో దిగండి, బ్రేకు మీదే కాలుంచితే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది.

రాయగడ వైపు వాళ్లు రాత్రి బండి ఎక్కితే ఊరు చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది. స్టేషను బయట ఆటో దొరక్కపోవచ్చు, తెలిసిన ఆటో అతనికి విశాఖలో ఎక్కేటప్పుడే ఫోన్ చేసి చెప్పండి. పర్లాకిమిడి వాళ్లు పాతపట్నంలో దిగితే అవతలికి వెళ్లడానికి ఇంటి నుంచి ఎవరినైనా బండితో రమ్మనండి.