‘పెయిన్’ అంటే ఏ నొప్పి?

మన అనంతపురంలో డాక్టరు ముందు కూర్చుని "నొస్తాంది సార్" అంటే చాలు, మిగతాదంతా ఆయనే అడిగి రాబడతాడు. విదేశాలకు వెళ్తే అలా కుదరదు. ఇంగ్లండ్‌లో జీపీ (ముందుగా చూసే ఫ్యామిలీ డాక్టరు) దగ్గర మామూలుగా దొరికేది 10 నిమిషాలు. "పెయిన్" అని ఊరుకుంటే ఆ కాస్తా ప్రశ్నలకే పోతుంది.

మనం "మై లెగ్ ఈజ్ పెయినింగ్" అంటాం. వాళ్లకు అర్థమవుతుంది కానీ అక్కడ "మై లెగ్ హర్ట్స్" అంటారు. తలకు, పంటికి, చెవికి "ఏక్" (హెడేక్, టూతేక్, ఇయరేక్). గొంతుకు "సోర్ థ్రోట్". ఏ రకం నొప్పో కూడా చెప్పాలి. పన్ను సలిపితే థ్రాబింగ్, పొడిచినట్టుంటే స్టాబింగ్, మండితే బర్నింగ్, పిక్క పట్టేస్తే క్రాంప్. కెనడాలో నొప్పి మీద పరిశోధన చేసిన రోనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రచురించిన ప్రశ్నావళిలో ఇలాంటి మాటలు 78 ఉన్నాయి. మనకు ఈ నాలుగైదు చాలు. నొప్పి పదికి ఎంత అని అడిగితే మొహమాటపడి తగ్గించి చెప్పొద్దు.

గుండెల్లో ఏం పట్టినా "గ్యాస్" అనేసి సోడా తాగే అలవాటు మాత్రం ఇక్కడే వదిలి వెళ్లండి. ఛాతీ బిగబట్టి చేతికో దవడకో నొప్పి పాకుతుంటే జీపీ అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 999కి ఫోన్ చేసి "చెస్ట్ పెయిన్" అనండి. అమెరికాలో అయితే 911.

"వేడి చేసింది" అన్నదాన్ని ఇంగ్లీషులో పెట్టబోకండి, జ్వరం అనుకుంటారు. మూత్రంలో మంటా, నోట్లో పొక్కులా, అది చెప్పండి. సబ్జా నీళ్లు ఇంటికొచ్చి తాగొచ్చు. బిడ్డ కాన్పుకు వెళ్లే అమ్మలకు ఒక మాట: మన "నొప్పులు" అక్కడ "కాంట్రాక్షన్స్". ఎన్ని నిమిషాలకొకటి వస్తోందని కాన్పులు చూసే మిడ్‌వైఫ్ అడుగుతుంది, గడియారం చూసి ఉంచుకోండి.

ఆఫీసులో "పెయిన్ పాయింట్" అన్నారని కంగారు పడొద్దు, కస్టమర్ల ఇబ్బంది అని అర్థం. "హీ ఈజ్ ఎ పెయిన్" అంటే మన "వాడొక తలనొప్పి"నే. "టేక్ పెయిన్స్" అంటే శ్రమ తీసుకుని చేయమని. అసలు "పెయిన్" అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం శిక్ష అట, సోమవారం మీటింగులు చూస్తే నిజమే అనిపిస్తుంది.

పెద్దవాళ్లకు ఇంగ్లీషు రాకపోతే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు దుభాషిని అడగండి, ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో దానికి డబ్బు తీసుకోరు. కొడుకు చేత చెప్పించుకుంటే మన ఆడవాళ్లు సగం దాచేస్తారు.