మోడల్ రైలు యార్డుకు పట్టాలు కొనే ముందు అట్టముక్కలతో కొలత

బల్లపై షంటింగ్ యార్డు (వేగన్లను అటూఇటూ జరిపి కలిపే, విడదీసే చోటు) నమూనా వేసేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు, పట్టాలు బిగించాక ఇంజను వేగన్లతో సహా వెనక్కి జరగడానికి చోటు చాలకపోవడం. ఖరీదైన పాయింట్లు (రైలును ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పట్టాల అమరికలు) కొనకముందే పాత క్యాలెండర్ కాగితాలను తిరగేసి అతికించి, వాటిపై అట్టముక్కలతో యార్డు నడిపి చూస్తే ఈ చిక్కు తప్పుతుంది.

విజయనగరం జంక్షన్ మీదుగా రోజూ సాగే బాక్స్‌ఎన్ (పైకప్పు లేని సరుకు) వేగను పొడవు సుమారు 10.7 మీటర్లు కాబట్టి, 1:87 స్కేలులో (అసలు కొలతలో 87వ వంతు) కప్లింగు సందుతో కలిపి ఒక్కో వేగనుకు 12.5 సెం.మీ. అట్టముక్క కత్తిరించాలి. గరివిడి వైపు కనిపించే ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీ వంటి చోట ఉండే చిన్న సైడింగుకు (ప్రధాన మార్గం నుంచి విడిపోయే పక్కదారికి) రెండే పాయింట్లు, మూడు దారులు సరిపోతాయి: ఒకదానిలో 5 వేగన్లకు 62.5 సెం.మీ., మిగతా రెంటిలో మూడేసి వేగన్లకు 37.5 సెం.మీ. చొప్పున ఉంచి, ఇంజనుతో పాటు 3 వేగన్లు పట్టేంత పొడవును ముందరి దారికి (పాయింట్లకు ఇవతల ఇంజను వేగన్లను లాక్కుని నిలిచే దారికి) వదలాలి. ఇంజను 24 సెం.మీ. అయితే అది 61.5 సెం.మీ. అవుతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ ముందరి దారే. అది ఒక్క సెంటీమీటరు తగ్గినా మూడో వేగను పాయింటు నాలుకల (దారి మార్చడానికి కదిలే పట్టాల) మీదే నిలిచిపోయి, దారి మార్చడం కుదరదు.

సైడింగు పొడవును పాయింటు కొన నుంచి కొలిస్తే ఈ లెక్క తప్పుతుంది. పక్కపక్క పట్టాల మధ్యరేఖల ఎడం 5 సెం.మీ.కు చేరిన చోటు నుంచే కొలవాలి. లేకపోతే కాగితంపై పట్టిన వేగన్లు బల్లపై ఒకదానికొకటి రాసుకుంటాయి.