పాత అంబాసిడర్ పేలుతోందా, లాగడం లేదా? కార్బరేటర్ జోలికి వెళ్లేముందు ఇవి చూడండి

నల్లగొండలో బయలుదేరిన పాత పెట్రోల్ అంబాసిడర్ నార్కట్‌పల్లి దాకా హాయిగా వెళ్తుంది. హైవే ఎక్కి చిట్యాల దాటేసరికి కుదుపులు మొదలవుతాయి. ఎక్సిలరేటర్ తొక్కినా బండి అందుకోదు, కాలు తీస్తే సైలెన్సర్‌లో ఢామ్మని పేలుతుంది. పక్కకు ఆపి బానెట్ ఎత్తగానే చాలామంది చెయ్యి నేరుగా కార్బరేటర్ స్క్రూల మీదికి పోతుంది. దయచేసి వాటిని కదిలించకండి. కార్బరేటర్ రాత్రికి రాత్రి చెడిపోయే వస్తువు కాదు. స్పార్క్ పుట్టించే పాయింట్లు, కండెన్సర్, దాన్ని చేరవేసే ప్లగ్గు వైర్లు మాత్రం ఒక్క ప్రయాణంలోనే మొండికేయగలవు. ముందు కరెంటు సంగతి తేల్చుకోవాలి, ఆ తర్వాత పెట్రోలు, చివరగా వాల్వులు. ఈ వరస తప్పితే ఉన్న లోపం దొరక్కపోగా కొత్త లోపం ఒకటి చేరుతుంది.

ఇక్కడ ఇచ్చే కొలతలు 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌వి. ప్రీమియర్ పద్మినికైనా, పాత జీపుకైనా వెతికే పద్ధతి ఇదే, అంకెలు మాత్రం ఆ బండి పుస్తకం చూసి తీసుకోవాలి.

పేలుడు ఏ వైపు నుంచి వస్తోంది?

సగం జవాబు ఇక్కడే ఉంది. కార్బరేటర్ నోట్లోంచి తుమ్మినట్టు టప్‌మని వస్తే సిలిండర్‌లోకి వెళ్తున్న మిశ్రమంలో పెట్రోలు తక్కువై ఉండాలి, లేదా ఇన్‌లెట్ వాల్వు సరిగా మూసుకోకపోతూ ఉండాలి. సైలెన్సర్‌లో పేలితే సిలిండర్‌లో కాలకుండా బయటికి వచ్చిన పెట్రోలు వేడి పైపులో అంటుకుంటోందన్నమాట. అంటే స్పార్క్ తప్పుతోంది, లేదా ఆలస్యంగా పడుతోంది. పల్లంలో కాలు తీసినప్పుడు మాత్రమే పేలుతుంటే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, పైపు కలిసే చోటు చూడండి. అక్కడి గ్యాస్కెట్ కాలిపోతే బయటి గాలి లోపలికి దూరి మంట పుట్టిస్తుంది. మసి మరకలే చోటు చూపిస్తాయి. గ్యాస్కెట్ మార్చి నట్లు బిగిస్తే సరిపోతుంది.

రెండు వైపులా పేలుతూ స్టార్ట్ కావడమే కష్టమైతే, అదీ సర్వీసు చేయించిన మర్నాడే అయితే, ప్లగ్గు వైర్లు తారుమారు అయ్యాయేమో చూడండి. సిలిండర్లలో స్పార్క్ పడే వరస 1-3-4-2. డిస్ట్రిబ్యూటర్ లోపల తిరుగుతూ స్పార్కును వైర్లకు పంచే రోటర్ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది.

చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, వేడెక్కాక మిస్ కొడుతుంది

ముందుగా అనుమానించాల్సింది కండెన్సర్‌ని. మన మెకానిక్కులు డెల్కో అని పిలిచే డిస్ట్రిబ్యూటర్ లోపల వేలెడంత కూడా లేని చిన్న డబ్బా అది. కాయిల్‌కు వెళ్లే కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే పాయింట్లు విడివడే క్షణంలో కరెంటు వాటి మధ్య మంటగా దూకకుండా అది పట్టుకుంటుంది. వేడికి దాని లోపలి పొరలు దెబ్బతింటే స్పార్క్ బలహీనపడుతుంది, పాయింట్లు కాలిపోతాయి.

దీన్ని కళ్లతోనే చూడవచ్చు. బండిని నీడలో ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేయండి. డెల్కో మూత తీసి, వోల్టేజీ పెంచే కాయిల్ నుంచి వచ్చే మధ్య వైరును ఇంజిన్ లోహానికి ఆనించి కట్టండి. దగ్గర్లో పెట్రోలు కారుతూ ఉండకూడదు. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మీరు పాయింట్ల వైపు చూడండి. సన్నటి నీలి మెరుపు కనబడితే మామూలే. పసుపుతో కలిసి మందంగా, చిటపటమంటూ మండుతుంటే కండెన్సర్ పోయినట్టే. అలాంటి పాయింట్ల మీద ఒకవైపు చిన్న దిబ్బ, ఎదురుగా గుంట కూడా కనబడతాయి. కండెన్సర్, పాయింట్లు రెండూ కలిపి మార్చండి. కొత్తవాటిలోనూ నాసిరకం సరుకు వస్తోంది కాబట్టి, బాగా పనిచేసిన పాత కండెన్సర్‌ను పారేయకుండా డిక్కీలో దాచుకోవడం మేలు.

పాయింట్ల గ్యాప్ 14 నుంచి 16 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.35–0.40 మిల్లీమీటర్లు. పాయింట్ల మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, దానితో టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం, వెనక్కి జారుతుంది. బండి నెమ్మదిగా నీరసపడుతూ, ఇంజిన్ అతిగా వేడెక్కుతూ, సైలెన్సర్‌లో అప్పుడప్పుడూ పేలుతుంటే మూలం చాలాసార్లు ఈ అరుగుదలే. గ్యాప్ సరిచేశాకే టైమింగ్ పెట్టాలి. ముందు టైమింగ్ పెట్టి తర్వాత గ్యాప్ ముట్టుకుంటే చేసిన పనంతా వృథా. అదే ఊపులో రోటర్‌నూ, మూతనూ శుభ్రంగా తుడిచి వెలుతురులో తిప్పి చూడండి. వెంట్రుకంత నల్లటి గీత ఉంటే పగులు వచ్చినట్టే. దాన్ని అతికించే మార్గం లేదు, మార్చాల్సిందే. ప్లగ్గు గ్యాప్ 25 థౌ.

ఎక్కుడు రోడ్డులో ఊపిరి ఆగినట్టు అవుతుంది, ఆగి బయలుదేరితే మళ్లీ బాగుంటుంది

శ్రీశైలం డ్యామ్ దగ్గర కృష్ణ దాటి దోమలపెంట వైపు ఘాట్ ఎక్కేటప్పుడు ఈ లోపం దాచినా దాగదు. చదునులో చాలిన పెట్రోలు అక్కడ చాలదు. తడబడుతున్న సమయంలోనే బండి ఆపి ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఆపైన బండి సర్దుకుంటే మూతకున్న గాలి రంధ్రం పూడుకుపోయింది. సూదితో శుభ్రం చేస్తే అయిపోతుంది.

అదీ కాకపోతే ఇంజిన్ చల్లారాక కార్బరేటర్ దగ్గర పెట్రోల్ పైపు విప్పి సీసాలో పెట్టి, కాయిల్ మధ్య వైరు మునుపటిలాగే లోహానికి కట్టి, సెల్ఫ్ కొట్టండి. ధార ఎగిసి ఎగిసి పడాలి. నీరసంగా కారితే ఫిల్టర్, తర్వాత ఏసీ పంపు అని పిలిచే పెట్రోలు పంపు లోపలి పొర, డయాఫ్రమ్ చూడాలి.

పాత రబ్బరు పైపుల గురించి గట్టిగా చెప్పాలి. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఈ బండ్లకు వేసిన నాటి రబ్బరు దాన్ని తట్టుకోలేదు. పైపు లోపలి పొర మెత్తబడి ఊడిపోతుంది, ఫిల్టర్‌లో నల్లటి పొడి చేరుతుంది, డయాఫ్రమ్ ఉబ్బుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే రకం పైపులు అడిగి వేయించుకోండి. పాత పైపు పగిలి పెట్రోలు వేడి మ్యానిఫోల్డ్ మీద పడితే బండే తగలబడుతుంది కాబట్టి ఈ ఖర్చు వాయిదా వేయకండి.

మే నెల మధ్యాహ్నం ఆపిన బండి పది నిమిషాల తర్వాత స్టార్ట్ కాకపోతే పైపులో పెట్రోలు ఆవిరై ఉండవచ్చు. పంపు మీద తడిగుడ్డ కప్పి ఆగండి.

తొక్కగానే తుమ్ముతుంది

ఇప్పుడు కార్బరేటర్ వంతు. ఎస్‌యూ (లోపల పిస్టన్ పైకీ కిందికీ కదిలే) రకమైతే పైనున్న డ్యాంపర్ మూత విప్పి నూనె ఉందో లేదో చూడండి. చాలా బండ్లలో అది ఎండిపోయి ఉంటుంది. నూనె లేకపోతే తొక్కగానే పిస్టన్ ఒక్కసారిగా పైకి లేచి, గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతుంది. పల్చటి ఇంజిన్ ఆయిల్ పోసి మూత పెట్టండి. తర్వాత పిస్టన్‌ను వేలితో ఎత్తి వదలండి. టక్కుమని కింద పడాలి. మధ్యలో ఆగితే విప్పి తుడవాలి. ఉప్పు కాగితంతో మాత్రం రుద్దవద్దు.

ఆ తర్వాత దొంగగాలి, అంటే అతుకుల సందుల్లోంచి దూరే గాలి. కార్బరేటర్ అడుగు గ్యాస్కెట్, ఇన్‌లెట్ మ్యానిఫోల్డ్ అతుకుల దగ్గర ఇంజిన్ నడుస్తుండగా నూనె డబ్బాతో రెండు చుక్కలు వేయండి. ఇంజిన్ చప్పుడు మారితే గాలి అక్కడే దూరుతోంది. ఈ పరీక్షకు పెట్రోలు ఎన్నడూ వాడవద్దు, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ ఆ కిందే ఉంటుంది.

ఇవన్నీ సరిగా ఉన్నాకే కార్బరేటర్ అడుగున పెట్రోలు మోతాదు మార్చే జెట్ నట్టు ముట్టుకోండి. కిందికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. ఒకసారికి నట్టు ఒక పలక మేర తిప్పితే చాలు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర ఉండే బండి నల్లటి పొగతో నీరసపడితే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పండి. ఊక దుమ్ముతో అట్ట కట్టి ఉండటం మామూలే.

అన్నీ సరిచేసినా మారలేదు

చక్రాలు జాకీ మీద లేపి చేత్తో తిప్పండి. నెలల తరబడి నిలబడిన బండిలో బ్రేకులు పట్టేసి ఉంటే ఇంజిన్‌ను నిందించి లాభం లేదు.

చక్రాలు తేలికగా తిరిగితే ట్యాప్పెట్లు, అంటే వాల్వులను తెరిచే భాగాల దగ్గరి గ్యాప్, చూడండి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే దొరుకుతోంది. పాత హెడ్‌లోని మెత్తటి వాల్వు సీట్లకు అంతకుముందు సీసమే రక్షణ. అది లేక సీటు అరిగి వాల్వు పైకి జరుగుతుంది, ట్యాప్పెట్ గ్యాప్ దానంతటదే మూసుకుపోతుంది. వాల్వు పూర్తిగా మూసుకోదు, పేలుడు మొదలవుతుంది. గ్యాప్ 15 థౌ ఉండాలి. ఎనిమిది వాల్వులకు తొమ్మిది లెక్క (రెండు అంకెలు కలిపితే తొమ్మిది) గుర్తుంచుకోండి: 8వది పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది, 6వది తెరుచుకున్నప్పుడు 3వది సరిచేయాలి.

సరిచేసిన గ్యాప్ కొద్ది రోజులకే మళ్లీ మూసుకుపోతుంటే కంప్రెషన్ కొలిపించండి. తక్కువ ఉన్న సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి నడుమ హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుంది. వాల్వులే అని తేలితే హెడ్ దింపి గట్టి లోహపు సీట్లు వేయించాలి. ఒట్టి గ్రైండింగుతో సరిపెడితే మెత్తటి సీటు మళ్లీ అరుగుతుంది, అవే పేలుళ్లు తిరిగివస్తాయి.