తెలుగు మీడియం పిల్లోళ్ళ ఇంగ్లీష్ రైటింగ్: తప్పు ఎక్కడ పుడతా ఉంది, ఎట్ల దిద్దాలి

తిరుపతిలో మేడ మీద రూములో ఇంటర్, డిగ్రీ పిల్లోళ్ళకి ఇంగ్లీష్ చెప్తా ఉంటాను, చంద్రగిరి, పాకాల, పుత్తూరు నుంచి వచ్చేవాళ్ళే ఎక్కువ. పేపర్లు దిద్దతా ఉంటే తప్పులు వందల్లో కనిపిస్తాయి గానీ నిజానికి ఐదారు రకాలే, తిప్పి తిప్పి అవే. ప్రతి తప్పు కిందా ఒక చక్కటి తెలుగు వాక్యం దాక్కోనుంటాది, దాన్ని బయటికి లాగితే సగం పని అయినట్టే. కొత్తగా ట్యూషన్ పెట్టిన తమ్ముడొకడు అడిగినాడు, అందుకే రాస్తా ఉండా.

సమస్య: "ఐ విల్ గో టు కాలేజ్ డైలీ"

మనకి "రోజూ పోతాను", "రేపు పోతాను" రెండిటికీ ఒకటే మాట కదా, పిల్లోడు ఆ "పోతాను"ని విల్ గో అని ఒక్కసారి నేర్చుకున్నాడు, అన్ని చోట్లా అదే పెడతాడు. మనమేమో సింపుల్ ప్రెజెంట్ అంటే వర్తమాన కాలం అని చెప్పేస్తాం, వర్తమానం అంటే ఇప్పుడు జరిగేదే కదా అనుకొని వాడు "ఐ యామ్ గోయింగ్ డైలీ" అని ఇంకొకటి మొదలుపెడతాడు. తప్పు వాడిది కాదు.

టెన్స్ పేర్లు కొన్నాళ్ళు పక్కన పెట్టండి. తెలుగు వాక్యం ముందర "రోజూ" పెట్టి చూడమనండి, అతికితే గో, "రేపు" అతికితే విల్ గో. అమ్మ రోజూ చేసే పనులు ఐదు వాక్యాలు, రేపు ఊరికి పోతే చేసే పనులు ఐదు వాక్యాలు, వారం రోజులు ఇదే రాయించండి. గో కి గోస్ ఎప్పుడు వస్తాదో కూడా ఇందులోనే అలవాటైపోతాది.

సమస్య: వాక్యంలో చివరి క్రియ ఒక్కటే పాస్ట్‌లో ఉంటాది

"మార్నింగ్ ఐ గెటప్, వాష్ ఫేస్, ఈట్ ఇడ్లీ అండ్ కేమ్ టు కాలేజ్." ఇది చూసి నిర్లక్ష్యం అనుకునేవాణ్ణి, చాన్నాళ్ళకి గానీ అర్థం కాలేదు. లేచి, మొహం కడుక్కొని, ఇడ్లీ తిని, కాలేజీకి వచ్చినా. తెలుగులో కాలం తెలిపేది ఆ చివరి మాట ఒక్కటే, లేచి తిని అనేవాటికి కాలమే లేదు. వాడు తెలుగు వ్యాకరణం పక్కాగా పాటించినాడు, కాకపోతే ఇంగ్లీషులో.

ముందు తెలుగులోనే విరగ్గొట్టించండి. లేచినా. కడుక్కున్నా. తిన్నా. వచ్చినా. ఒక్కోదానికి ఒక్కో ఇంగ్లీష్ వాక్యం, దెన్ లు, ఆఫ్టర్ లు తర్వాత కలుపుకోవచ్చు. దీనికి నేనిచ్చే టాపిక్ అలిపిరి నడక, ఇక్కడి పిల్లోళ్ళల్లో నడవనోళ్ళు తక్కువ. 3550 మెట్లు, గాలిగోపురం దగ్గర ఆగినాం, మోకాళ్ళ మెట్టు కాడ కాళ్ళు పీకినాయి, అంతా అయిపోయిన కథే కాబట్టి ప్రతి క్రియా పాస్ట్‌లోనే రావాల్సొస్తాది.

సమస్య: "టు మీ టూ సిస్టర్స్ ఆర్ దేర్", "ఫీవర్ కేమ్ టు మీ"

"నాకు" వల్ల. నాకు చెల్లెళ్ళున్నారు, నాకు జ్వరమొచ్చింది, నాకు ఆకలి. ఇట్లాంటివి ఇంగ్లీషులో ఐ తోనే మొదలవుతాయి, ఐ హావ్, ఐ యామ్ హంగ్రీ. ఎవరన్నా నాకు ఏదన్నా ఇచ్చినప్పుడు, చెప్పినప్పుడు మాత్రం "మీ" (me). ఇంతే, దీనికి ఒక క్లాసు చాలు.

సమస్య: "యాన్ యూనివర్సిటీ", "ఏ అవర్"

అచ్చులు ఏ ఈ ఐ ఓ యూ అని బట్టీ పట్టించినందువల్ల వాడు స్పెల్లింగ్ చూస్తాడు, చూడాల్సింది శబ్దం. మన దగ్గర మంచి ఉపాయం ఉంది, ఆ మాటని తెలుగులో రాయమనండి. యూనివర్సిటీ "య"తో మొదలైంది, అంటే హల్లు, "ఏ" (a) పెట్టాలి. అవర్ "అ"తో, అచ్చు, "యాన్" (an) పెట్టాలి. ఎగ్‌ని "యెగ్గు" అని రాసేవాడి దగ్గర మాత్రం ఇది బోల్తా కొడతాది, ముందు ఆ పలకడం సరిచేయండి. "ది" (the) సంగతికొస్తే "ఒక కుక్క వచ్చింది, ఆ కుక్క అరిచింది", "ఒక" ఉన్న దగ్గర "ఏ", "ఆ" ఉన్న దగ్గర "ది". మొదట్లో ఇంతకంటే చెప్పొద్దు.

సమస్య: లీవ్ లెటర్ అద్భుతంగా రాస్తాడు, ఇంకేదీ రాయలేడు

బట్టీ. గంగమ్మ జాతరకి లీవ్ అడగమంటే ఒకడు "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ గంగమ్మ జాతర" అని రాసిచ్చినాడు. కారణం మారుస్తా ఒకే లెటర్ నాలుగుసార్లు రాయించండి, ఏ ముక్క మారాలో అప్పుడు వాడికే కనబడతాది.

సమస్య: హోంవర్క్ సూపర్, క్లాసులో సున్నా

ఫోన్ రాసిపెట్టింది. తిట్టొద్దు. క్లాసులోనే ఫోన్లు పక్కన పెట్టించి పది నిమిషాలు రాయించండి, ఇంటి దగ్గర ఫోన్ రాసిందాన్ని వాడి వాక్యం పక్కన పెట్టి ఏం మారిందో గీత గీసుకు రమ్మనండి.

సమస్య: దిద్దే కొద్దీ తక్కువ రాస్తా ఉంటారు

ఇది మన తప్పే. పేజీ అంతా ఎర్ర ఇంకు చూసినోడు మరుసటి రోజు నాలుగు లైన్లే రాస్తాడు, నాలుగు లైన్లకి తప్పులు తక్కువ కదా. వారానికి ఒక రకం తప్పే దిద్దండి, మిగతావి కనిపించినా పెన్ను ఎత్తొద్దు. అమ్మానాన్నలు నోట్సు చూసి "ఏం సార్, తప్పులన్నీ అట్లే వదిలేసినారే" అని వస్తారు, ఖాయంగా వస్తారు. అందుకే మొదటి రోజు రాసిన పేపరు పారేయకుండా బీరువాలో పెట్టుకోండి, ఆ రోజు బయటికి తీయొచ్చు.