ఇద్దరే కలిసి జాజ్ రంగున్న తెలుగు ర్యాప్ ఆల్బమ్: వైజాగ్‌లో ఇంట్లోనే ఎలా చేయాలి?

పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం వాళ్ళ క్లారినెట్‌ని ఎప్పుడైనా పక్కనే నిలబడి విన్నారా? జనరేటర్ రొద, డ్రమ్ముల మోత, పెళ్ళికొడుకు స్నేహితుల ఈలలు. ఇంత గోలలోనూ ఆ గొట్టం ఒక్కోసారి రెండే రెండు క్షణాలు మనిషిలా మూలుగుతుంది. వెంటనే మామూలు సినిమా పాటలోకి వెళ్ళిపోతుంది. మనకి కావాల్సింది ఆ రెండు క్షణాలు.

న్యూయార్క్ పక్కనున్న మౌంట్ వెర్నాన్‌లో హిప్‌హాప్ బీట్లు కట్టే పీట్ రాక్ పాత జాజ్, సోల్ రికార్డుల్లో గాలించింది ఇలాంటి క్షణాల కోసమే. ఆయన బీట్లు, ర్యాపర్ సి.ఎల్. స్మూత్ మాటలు కలిసి 1992 జూన్‌లో 'మెక్కా అండ్ ద సోల్ బ్రదర్' వచ్చింది. అదే వాళ్ళ మొదటి పూర్తి ఆల్బమ్. అందులో బాగా పేరొచ్చిన పాట 1990లో చనిపోయిన వాళ్ళ స్నేహితుడు ట్రాయ్ డిక్సన్ జ్ఞాపకంగా చేసింది. దాని శాక్సోఫోన్ ముక్క టామ్ స్కాట్ 1967 నాటి రికార్డు నుంచి తీసుకున్నది.

1. ముందు చెవి పెట్టండి

ఆ ఆల్బమ్‌ని హెడ్‌ఫోన్‌లో పెట్టుకుని ఒక పాట మూడుసార్లు వినండి. మాటలు అర్థం కాకపోయినా పరవాలేదు. మొదటిసారి తొడ మీద తాళం వేస్తూ బాస్, అంటే అడుగున మోగే లోతైన స్వరం, ఒక్కటే పట్టుకోండి. రెండోసారి డ్రమ్స్. మూడోసారి ర్యాపర్ ఎక్కడెక్కడ నోరు మూసుకున్నాడో కాగితం మీద గీతలు పెట్టండి. నా దృష్టిలో జాజ్ అంతా ఆ గీతల దగ్గరే ఉంది. పల్లవి దగ్గర మనిషి పక్కకి జరుగుతాడు, శాక్సోఫోన్ ముందుకొస్తుంది. మన జముకుల కథలో కథకుడు ఆగి వంతలకి చోటిచ్చినట్టు.

మేం మొదటి పాట చేసినప్పుడు ఇది తెలీదు. ర్యాప్ రాసిన మావాడు పదహారు బార్లూ (ఒక బారంటే నాలుగు దెబ్బలు) గాలి ఆడకుండా నింపేశాడు. నేను కింద క్లారినెట్, పియానో, వయొలిన్ అన్నీ పేర్చాను. విన్న వాళ్ళు మర్యాదగా "బాగుందిరా" అన్నారు. అంతకంటే అవమానం లేదు.

2. ఎవరి పని ఏదో రాసుకోండి

ఒకరు బీటు, ఒకరు మాట. ఒకరి పనిలో ఇంకొకరు సలహా ఇవ్వొచ్చు, కానీ ఆఖరి మాట ఆ పని చేసేవాడిదే. డబ్బులొస్తే సగం సగమా, ఇంకోలానా అన్నది కూడా ఇప్పుడే కాగితం మీద పెట్టి ఇద్దరూ సంతకం చేయండి. స్నేహితుల మధ్య కాగితాలేంటి అనుకోవద్దు, స్నేహం నిలవాలనే కాగితం.

3. బీటు: తకధిమిని కొంచెం వంచండి

వేగం 90 బీపీఎం, అంటే నిమిషానికి 90 దెబ్బల దగ్గర మొదలుపెట్టండి. ఈ లెక్కన ఒక బారు సుమారు 2.67 సెకన్లు, పదహారు బార్ల చరణం 43 సెకన్ల లోపు.

పీట్ రాక్ వాడిన ఎస్‌పీ-1200 సాంప్లర్‌లో (రికార్డుల్లోంచి ముక్కలు ఎక్కించుకుని వాయించే యంత్రం) మొత్తం పది సెకన్ల శబ్దమే పడుతుంది. ఒక్కో ముక్క రెండున్నర సెకన్లు దాటకూడదు. అంటే 90 వేగంలో ఒక్క బారు కూడా పూర్తిగా పట్టదు! అందుకని అప్పటి వాళ్ళు 33 స్పీడు రికార్డుని 45 మీద తిప్పి, గబగబా పాడించి, ఎక్కించుకున్నాక మళ్ళీ నెమ్మది చేసేవాళ్ళు. అసలే 12 బిట్ యంత్రం, పైగా ఈ సాగదీత. ఆ పాటల్లో వినిపించే ఇసుక రాలినట్టుండే గరుకు అలా వచ్చిందే. ఎఫ్ఎల్ స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఇప్పుడు ఎంత పొడుగు ముక్కైనా పడుతుంది. అయినా రెండున్నర సెకన్లకి మించి వాడకూడదని నియమం పెట్టుకుని చూడండి, బుర్ర భలే పనిచేస్తుంది.

ఇక స్వింగ్. ఒక దెబ్బని త-క-ధి-మి అని నాలుగు చేస్తే, అందులో 'క', 'మి' కాస్త ఆలస్యంగా పడటమే స్వింగ్. త, క సమానంగా పంచుకుంటే 50 శాతం, మర బొమ్మ నడిచినట్టుంటుంది. 66 దగ్గరికెళ్తే తిశ్రం, అంటే మూళ్ళ లెక్క నడక వచ్చేస్తుంది. 54 నుంచి 58 మధ్య తిప్పుతూ మీ తల దానంతటదే ఊగిన చోట ఆపేయండి.

స్వరాలకి డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ అనే మూడు కార్డ్‌లు (కలిపి ఒకేసారి నొక్కే స్వరాలు) చాలు. ఎలక్ట్రిక్ పియానో శబ్దంతో, ఎడమ చేత్తో బాస్ ఒక్కటే.

4. బ్యాండు మాస్టారిని పిలవండి

ఎవరిదో పాత రికార్డు కోసి వాడుకుంటే రెండు అనుమతులు కావాలి. ఒకటి ఆ రికార్డింగ్ హక్కుదారుది, రెండోది ఆ బాణీ హక్కుదారుది. మన దేశంలో రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 'నాలుగు సెకన్లలోపైతే ఫరవాలేదు' అనేది వట్టి పుకారు. అంత తలనొప్పి ఎందుకు? ఊళ్ళో ఊపిరితో వాయించేవాళ్ళుండగా.

మీ వీధిలోకి ఊరేగింపు వచ్చినప్పుడు నచ్చిన మనిషి నంబరు తీసుకోండి. ముహూర్తాల రోజుల్లో మాత్రం పిలవొద్దు, నిద్ర కూడా ఉండదు వాళ్ళకి. ఆషాఢం గానీ మూఢం గానీ చూసుకోండి. పెళ్ళిళ్ళుండవు, మాస్టారికి తీరిక, నాలుగు డబ్బులు ఆయనకీ అవసరం. డబ్బు ఎంతన్నది ముందే మాట్లాడి వాయించిన రోజే చేతిలో పెట్టండి. రికార్డింగ్ వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఆయన భాషలో చదివి వినిపించి సంతకం తీసుకోండి, ఆల్బమ్ మీద ఆయన పేరు వేయండి.

శృతి దగ్గర తికమక వస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో 'సి' అంటే ఆయన లెక్కలో ఒకటి శృతి, 'డి' రెండు, 'జి' అయిదు. పైగా మామూలు బి ఫ్లాట్ క్లారినెట్ మీద ఆయన 'సి' వాయిస్తే మీకు బి ఫ్లాట్ వినిపిస్తుంది. మీ 'సి' కావాలంటే ఆయన వేళ్ళు 'డి' పట్టాలి. ఇవన్నీ వివరించే బదులు ఫోన్‌లో తంబురా పెట్టేస్తే ఆయనే చూసుకుంటారు.

మైకుని క్లారినెట్ చివర గరాటు దగ్గర పెట్టకండి. శబ్దం ఎక్కువగా రంధ్రాల్లోంచి వస్తుంది. వాద్యం మధ్య భాగానికి ఎదురుగా ఒక అడుగు, అడుగున్నర దూరం సరిపోతుంది. రికార్డింగ్ 24 బిట్‌లో, సాఫ్ట్‌వేర్‌లోని శబ్దం మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా.

మా మాస్టారికి హెడ్‌ఫోన్ తగిలించి క్లిక్, అంటే తాళం చెప్పే టిక్కుటిక్కు శబ్దం, వినిపించాను. గంటసేపు వాయించారు, ఒక్కటీ పనికిరాలేదు. చివరికి ఆయనే హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఈ టిక్కుటిక్కు ఆపేయండి బాబూ. ఆ కుర్రాణ్ణి పాడమనండి, నేను ఎనకాల ఎల్తాను."

మావాడు చెవి దగ్గర మెల్లగా చెప్తుంటే ఆయన వాయించారు. మూడో టేకులో ఆ మూలుగు వచ్చింది. ఆల్బమ్‌లో ఉన్నది అదే, వెనక పక్కింటి కుక్కర్ విజిల్‌తో సహా.

5. మాటలు: అంత్యప్రాస మోజు తగ్గించండి

తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. వస్తున్నా, చూస్తున్నా, రాస్తున్నా అని చివర్లు కలపడం చిన్నపిల్లాడు కూడా చేస్తాడు. మన పద్యానికున్న అసలు ఆయుధం ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం కలవడం. ఇలా:

జగదాంబ కాడ దిగి జేబులు తడిమాను
పగలంతా పనిచేస్తే పది నోట్లు తేలాయి
సగం నాన్న మందులకి, సగం ఇంటి అద్దెకి
మిగిలింది సముద్రం, దానికి టికెట్ లేదు

జగ, పగ, సగ, మిగి. చివర్లు కలవకపోయినా చెవి పట్టుకుంటుంది. ఇప్పుడు నాలుగో పాదం నుంచి 'దానికి' తీసేసి చదవండి. 'మిగిలింది సముద్రం', ఒక దెబ్బ ఖాళీ, 'టికెట్ లేదు'. ఆ ఖాళీలోకి క్లారినెట్ దూరుతుంది.

ఇంకోటి, మీరు ఇంట్లో 'ఏటి' అంటే పాటలోనూ 'ఏటి' అనే అనండి.

6. గొంతు రికార్డింగ్

పరుపు గోడకి నిలబెట్టి, ఫ్యాను ఆపి, తెల్లవారుజామున చేయండి. నోటికి జానెడు దూరంలో మైకు, మధ్యలో పాప్ ఫిల్టర్, లేకపోతే ప, భ దగ్గర గాలి కొడుతుంది. మన సముద్రపు తేమకి కండెన్సర్ మైకులు చిటపటమంటాయి. పని అయ్యాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో దాచండి.

7. వరస, విడుదల

తొలి ఆల్బమ్ అని పాతిక పాటలు పెట్టకండి. ఎనిమిది, తొమ్మిది చాలు. పీట్ రాక్ పాటల మధ్య చిన్న చిన్న బీటు ముక్కలు వదిలినట్టు, మీరూ ఫిషింగ్ హార్బర్ తెల్లవారి వేలం కేకలో, ఓడ కూతో పది సెకన్లు పెట్టొచ్చు. యాప్‌లలోకి పంపడానికి డిస్ట్రిబ్యూటర్ సర్వీసులున్నాయి. అప్‌లోడ్ చేసేముందు హక్కుల షరతులు మాత్రం పూర్తిగా చదవండి.

పంపేముందు ఆఖరి పరీక్ష. పాటని ఫోన్‌లో వేసుకుని సాయంత్రం వేళ సింహాచలం బస్సెక్కి, మామూలు ఇయర్‌ఫోన్స్‌తో వినండి. ఆ రొదలో క్లారినెట్ వినపడలేదనుకోండి, దాని వాల్యూమ్ పెంచకండి. ఇంటికెళ్ళి ర్యాప్‌లోంచి ఇంకో మాట తీసేయండి.